సుంకన్న కుర్చీ

సుంకన్న నాలుగు రోజులుగా రావడం లేదు. ఆదివారం పోటీ. మద్దిలేటికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"వానికి పొగరెక్కింది ఉస్తాద్. హాస్టల్‌కు ఫోన్ చేస్తే లేడని చెప్పిస్తున్నాడు," అన్నాడు.

కర్నూలులో ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. మేం ముగ్గురం పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. క్లాసులు అయిపోగానే మహబూబ్ అలీ గారి నెట్ సెంటర్‌కు పరిగెత్తేవాళ్లం. రేడియోలు బాగుచేసే పని మానేసి, మేడ మీది గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టుకున్నారాయన. అందరికీ ఆయన ఉస్తాదే.

రోబోల యుద్ధం ఆట మాకు నేర్పింది ఆయనే. మేడలంత ఎత్తు రోబోలు, ఒక్కొక్కరి కింద పన్నెండు. ముగ్గురిలో ఒకడు దళపతి. వాడు ఎటు పొమ్మంటే మిగతా ఇద్దరూ తమ రోబోలను అటు నడపాలి. ఆ ఫ్యాన్ల రొద, వేడెక్కిన మానిటర్ల వాసన, మా అరుపులు... అన్నీ ఇప్పటికీ గుర్తే.

మా దళపతి మద్దిలేటి. వాడి ఎత్తుగడ ఎప్పుడూ ఒకటే. సుంకన్న రోబోలను ఎరగా ముందుకు తోలేవాడు. శత్రువులు వాటి మీద పడగానే మేమిద్దరం వెనక నుంచి కొట్టేవాళ్లం. అట్లా వరసగా పదకొండు ఆటలు గెలిచాం.

ఉస్తాద్ అంతా విన్నారు.

"ఈ పూట నేను దళపతిని. నువ్వు సుంకన్న కుర్చీలో కూర్చో."

అవతలి మూడు కంప్యూటర్ల దగ్గర డిగ్రీ కాలేజీ వాళ్లు కూర్చున్నారు. ఆట మొదలైంది.

"మద్దిలేటీ, వంతెన దాటి పో," అన్నారు ఉస్తాద్.

పోయాడు. ఐదో నిమిషానికి పన్నెండు రోబోలూ కూలిపోయాయి. వాడి తెర బూడిదరంగుకు తిరిగింది. అవి పడిన చోటు మాత్రం మసకగా కనబడుతోంది. మద్దిలేటి లేవబోయాడు.

ఉస్తాద్ తల తిప్పకుండానే, "కూర్చో. ఆట అయిపోలేదు," అన్నారు.

అరగంట కూర్చున్నాడు, చేతులు కట్టుకుని, మూతి బిగించుకుని. మేం ఓడిపోయాం.

"మీరు చెప్పినట్టే పోతిని గదా ఉస్తాద్! ఎట్ల ఓడినాం?"

"నువ్వు పడినాక నీ ముందర నుంచి ఎన్ని పోయినాయి?"

మద్దిలేటి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఏడు. వంతెన కింద నుంచి ఎడమకు తిరిగినాయి."

"ఎవరికి చెప్పినావు?"

మద్దిలేటి ఆ బూడిద తెర వైపు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. తన రోబోలన్నీ పోయాక సుంకన్న బల్ల మీద మోచేతులు ఆనించి, చివరిదాకా ఆ బూడిద తెరలోకే చూస్తూ ఉండేవాడు. "నాలుగు మీ ఎనక్కి వస్తుండాయి, చూసుకోండప్పా," అని చెబుతూనే ఉండేవాడు. పదకొండు ఆటల్లోనూ వాడు చెప్పిన దిక్కుకే కాల్చాం. గెలవగానే మద్దిలేటినీ నన్నూ అందరూ భుజాల మీదికెత్తుకునేవాళ్లు. సుంకన్న మౌస్ తీగ చుట్టి పక్కన పెట్టేవాడు.

ఉస్తాద్ కంప్యూటర్ ఆపేశారు.

"సుంకన్న చచ్చినాక కూడా మాట్లాడేటోడు," అన్నారు నెమ్మదిగా.

ఆదివారం పోటీలో రెండో ఆటకే ఓడిపోయాం, ముగ్గురం కలిసి. ఎవరి చేతిలో ఓడామో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఉస్తాద్ దళపతిగా ఆడిన ఆ సాయంత్రం మాత్రం కళ్ల ముందే ఉంది.

నెట్ సెంటర్ మెట్లు దిగి మద్దిలేటి నేరుగా హాస్టల్‌కు నడిచాడు. నేను వెనకాల వెళ్లాను. కుళాయి దగ్గర సుంకన్న దుప్పటి ఉతుకుతున్నాడు. మమ్మల్ని చూసి కూడా తల ఎత్తలేదు.

మద్దిలేటి చెప్పులు విప్పాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. కుళాయి కింద నిలిచిన నీళ్లలోకి దిగి, ఆ తడి దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి సుంకన్న తన కొసను మెలిపెట్టాడు.