చెవి వాటం

ఒంగోలులో చెవి మిషన్లు చేసే జలాలుద్దీన్ మాస్టారి దగ్గర నీలవేణి మూడేళ్ళుగా పని నేర్చుకుంటోంది. బుర్రలో చురుకు, చేతిలో పనితనం, మాటలో కాస్త పొగరు. ఆ వయసుకు మూడూ అందమే.

ఆమె కొత్తగా తయారుచేసిన మిషనుకు తల ఎటు తిరిగిందో తెలుస్తుంది. చెవి వెనక దాగే ఆ చిన్న డబ్బీలో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంది. మనిషి ఎవరివైపు మొహం తిప్పితే వాళ్ళ మాట పెంచుతుంది, పక్కల రొద తగ్గిస్తుంది.

అంత గొప్ప మిషనునీ కోటిరత్నమ్మ తిరిగి తెచ్చి బల్లమీద పెట్టింది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమె భర్తకు గాలిలాంటి గొంతే మిగిలింది. ఆ గొంతు వినాలనే ఆవిడ మిషను పెట్టించుకుంది.

“వీధిలో అందరి మాటా వినపడుతోందమ్మా. ఆయన మాటే వినపడటం లేదు. మీ మిషను మంచిదేలే, నా చెవులకే రాత లేదు,” అంది.

“ఆయన మొహంలోకి చూస్తూ వినమన్నాను కదమ్మా?”

“యాభై ఏళ్ళ కాపురంలో ఎప్పుడు చూశాను గనక?” అంది ఆవిడ.

ఆవిడను కూర్చోమని నీలవేణి లోపలి గదిలోకి వచ్చింది.

“మిషను గురి ఒక్క డిగ్రీ కూడా తప్పడం లేదు మాస్టారూ. నాలుగుసార్లు చెప్పాను. పైకి మంచిదంటూనే మిషను తిరిగిచ్చేస్తోంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆవిడ వరస.”

మాస్టారు అలాంటిదే ఇంకో జత తీసి ఆమెను పెట్టుకోమన్నారు. వీధి తలుపు బార్లా తీశారు. ఆటోల మోతా, అరటిపళ్ళ బండివాడి కేకా లోపలికి వచ్చిపడ్డాయి. అప్పుడు ఆమె పక్క కుర్చీలో కూర్చుని, పెదవులు కదిలీ కదలకుండా ఏదో అన్నారు.

“ఏంటి మాస్టారూ?”

ఆయన మళ్ళీ అన్నారు. ఆమె వంగి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. ఆయన గొంతు ఇంకా సన్నగిల్లింది. అరటిపళ్ళవాడి కేక మాత్రం ఖంగుమంది. ఆమె ఇంకాస్త వంగింది.

మాస్టారు బల్లమీది చేతి అద్దం తీసి ఆమె ముందు పట్టుకున్నారు.

చెవి మాస్టారి వైపుంది. మొహం వీధి వైపుంది.

నీలవేణి మొహం ఆయన వైపు తిప్పింది. సిగ్గుతో కళ్ళు చెమర్చాయి.

“ఏమన్నారు మాస్టారూ?”

“అన్నం తిన్నావా అని.”

ఆ మధ్యాహ్నం ఆమె కోటిరత్నమ్మ వెంట వాళ్ళింటికి వెళ్ళింది. వారం పాటు రోజూ వెళ్ళింది. వంటింటి గుమ్మంలో కూర్చుని, మొగుడు పిలిస్తే ఆవిడ తల ఎటు వాలుతుందో చూసింది. ఆవిడకు పాఠాలు చెప్పడం మానేసి, ఆ వాలు మిషనుకు నేర్పింది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి మాస్టారు కొట్టు కట్టేయబోతున్నారు.

“వినపడిందా ఆవిడకి?”

“వినపడింది మాస్టారూ. గోంగూర ఒలుస్తోంది, తలెత్తను కూడా లేదు. ఆయనేదో అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.”

“ఏమన్నాడు?”

“పక్కనే కూర్చున్నాను మాస్టారూ,” అంది నీలవేణి. “నాకు వినపడలేదు.”