సొరబుర్రలో అమ్మ ఊపిరి

తేనెరాళ్ల కోనలో పాటలన్నీ తాటాకుల మీదే ఉండేవి. ఎవరైనా పాడుతుంటే ముళ్లపంది తన ముల్లుతో ఆకు నిండా చిల్లులు పొడిచేది. ఆ ఆకును సొరబుర్రలో దూర్చి గాలికి ఎదురుగా పెడితే అదే పాట మళ్లీ వినపడేది. బుర్రలు చెక్కేది నక్కబావ. ఆయన తెలివికి వంక పెట్టలేం లెండి, బుద్ధి సంగతి వేరు.

చుక్కమ్మ అనే లేడికి ఉన్నది ఒకే ఒక్క ఆకు. పోయిన అమ్మ పాడిన జోలపాట అది. నడుమ ఒకచోట అమ్మ గొంతు చటుక్కున ఆగేది. "నేను నిద్రపోయానో లేదో అక్కడే వంగి చూసుకునేది" అని చుక్కమ్మ మురిసిపోయేది. ఒకనాడు ఆ బుర్ర కాస్తా పగిలింది. చుక్కమ్మ పరుగున నక్కబావ దగ్గరికి వెళ్లింది.

"పాత రకం ఇప్పుడు చెయ్యట్లేదమ్మా. కొత్త బుర్ర తీసుకో, దానికి సరిపడే కొత్త ఆకులు తీసుకో."

"మా అమ్మ మళ్లీ వచ్చి కొత్తగా ఎలా పాడుతుంది బావా?"

"దానికి నన్నేం చెయ్యమంటావు?" అని నక్కబావ తోక దులుపుకుని పోయాడు.

చుక్కమ్మకు గడ్డి సయించలేదు. మూగ ఆకును చెవికి ఆనించుకుని కూర్చునేది. అది చూడలేక వడ్రంగిపిట్ట కొమ్మ దిగొచ్చింది.

"నేను చేసిస్తానక్కా. కానీ బావ బుర్ర లోపలికి మాత్రం తొంగి చూడను. ఆ చెక్కడం ఆయన కష్టం. ఏ చిల్లికి ఏ స్వరం పలికేదో నువ్వు చెప్పు, మిగతాది నా ముక్కు చూసుకుంటుంది."

చుక్కమ్మ కూనిరాగం తీస్తూ చెప్పింది, పిట్ట చెక్కింది. అమ్మ ఆగే చోటు ఒక్కటి చెప్పలేదు. అది ఆకులోనే ఉందిగా అనుకుంది.

బుర్ర పూర్తయిన పూటే నక్కబావ ఊడిపడ్డాడు. "నా బుర్రకు నకలు! పగలగొట్టించేదాకా ఊరుకోను!" అంటూ ఇద్దర్నీ కోనలో తగవులు తీర్చే ఏనుగు పెద్దయ్య ముందుకు లాక్కెళ్లాడు. చుక్కమ్మ కొత్త బుర్రను గట్టిగా హత్తుకుంది. ఇంకా ఒక్కసారైనా వినలేదాయె.

"రుజువేంటి?" అన్నాడు పెద్దయ్య.

నక్కబావ మీసం దువ్వాడు. "ఇలాంటి దొంగల కోసమే ప్రతి బుర్రలోనూ ఓ పనికిమాలిన ముడి పెట్టాను. నడుమ ఒకచోట పాట ఠక్కున ఆగుతుంది. నాది చూసి చెక్కినవాడు దాన్నీ చెక్కే ఉంటాడు. పాడించండి!"

పాడించారు. జోలపాట ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. అందరూ గొల్లున నవ్వారు.

"నీ తీర్పు నువ్వే చెప్పుకున్నావు కదయ్యా!" అన్నాడు పెద్దయ్య. "లోపలి చెక్కడం నీది. ఆకును పాడించడం ఎవడబ్బ సొత్తూ కాదు."

చుక్కమ్మ మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"గెలిచాం కదక్కా!"

"అమ్మ ఆగలేదు తమ్ముడూ. ఇన్నేళ్లూ నన్ను వంగి చూసింది అమ్మ కాదా? బావ పెట్టిన ముడా?"

అంతలోనే చుక్కమ్మ కళ్లు తుడుచుకుంది.

"ముడైతే ముడే కానీ. నాకక్కడ అమ్మ ఆగాలి."

"ఎంతసేపు?"

"ఒక్క ఊపిరంత."

పిట్ట మళ్లీ ముక్కు ఆనించింది. నక్కబావ ఎగిరిపడ్డాడు. "చూశారా, ఇప్పుడు నా ముడి దొంగిలిస్తోంది!"

"నీ ముడి ఈ పిట్ట చూడనే లేదు. చుక్కమ్మ చెవిలో ఉన్నది చెక్కుతోంది. ఆ చెవి కూడా నీదేనంటావా?" అన్నాడు పెద్దయ్య.

నక్కబావ తోక ముడుచుకుని వెనక్కి తగ్గాడు.

ఆకు పాడింది. నడుమ ఒక్క ఊపిరంత ఆగింది. చుక్కమ్మ అప్పుడు కళ్లు మూసుకుంది, నిద్రపోయినట్టు అమ్మకు కనపడాలని.

బుర్ర చెక్కినవాడికి బుర్ర మీదే హక్కు, అది విని పెంచుకున్న బెంగ మీద కాదు.