ఒక పొర తక్కువ

పన్నెండేళ్లు పని నేర్చుకున్నాక నూకరాజుకి ఒక చిక్కు వచ్చిపడింది. తన పనిలో తనకే వంక దొరకడం లేదు.

అందుకు సంతోషించాలిగానీ చిక్కేమిటంటారా? పని చేసింది అతను, పేరొచ్చేది ఖాదర్ ఉస్తాద్‌కి. విశాఖపట్నం పాత ఊళ్లో గిటార్లూ హార్మోనియాలూ బాగుచేసే ఆ కొట్టు ఉస్తాద్‌ది. బోర్డు మీద పేరు ఆయనది. లోపల ఎవరి చెయ్యి ఆడినా బయటివాళ్లకి అది ఆయన చెయ్యే. వచ్చే నెల నూకరాజు గాజువాకలో సొంత కొట్టు తెరవబోతున్నాడు. ‘ఖాదర్ గారి దగ్గర పనిచేసినతనట’ అనిపించుకుంటూ తెరవాలా, ‘ఆ ఎర్ర గిటార్ చేసిన నూకరాజు’ అనిపించుకుంటూ తెరవాలా అన్నది అతని బాధ.

ఆ ఎర్ర గిటార్ రూతమ్మ గారిది. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకి పన్నెండేళ్లప్పుడు హార్బరుకి వచ్చిన జపాన్ ఓడలో ఒక నావికుడి దగ్గర వాళ్ల నాన్న ఆ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. నలభై ఏళ్లు చర్చిలో దాన్ని వాయించారు. తర్వాత తుఫానుకి ఇంటి పైకప్పు ఎగిరిపోయి గిటార్ తడిసి ఉబ్బింది. వాళ్ల తమ్ముడు జాలిపడి, గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు దానికి రెండు చేతులా పూసేశాడు. అప్పట్నుంచి అది గోడకి వేలాడుతోంది, వాయించడానికీ పనికిరాదు, పారేయడానికీ మనసొప్పదు.

ఈ ఆదివారం వాళ్ల చర్చికి నూరేళ్ల పండగ. ఆ రోజు ఒక్కసారి దాన్ని వాయించాలని ఆవిడ కోరిక.

నాలుగు నెలల కిందట ఆవిడ తెచ్చినప్పుడు ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నూకరాజు ఒళ్లో పెట్టాడు. “నువ్వే చెయ్యి” అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

నూకరాజు చేశాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, గొప్పగా చేశాడు. గేటు రంగు గీకి, దాని కింద పాత రంగు గీకి, తెల్లటి చెక్క దాకా వెళ్లాడు. తీగల చప్పుడు పట్టే పికప్ మూగబోతే దానికి వెంట్రుక కంటే సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టాడు. తుప్పు పట్టిన మరల్ని కిరసనాయిల్లో నానబెట్టి ఒక్కటీ విరక్కుండా తీశాడు. ఇక పైన ఎర్ర రంగు. సముద్రం పక్క ఊళ్లో డ్యూకో కొట్టడం ఆషామాషీ కాదు, గాలిలో తేమ ఉంటే రంగు తెల్లగా పాలిపోతుంది. పడమటి గాలి వీచి ఒళ్లు చిటపటలాడే రోజు కోసం కాచుకుని కూర్చుని, అలాంటి రోజునే స్ప్రే గన్ పట్టేవాడు. పన్నెండు పూతలు వేశాడు. ఆరు వారాలు వేలాడదీసి, థిన్నరు వాసన పూర్తిగా పోయాకే మెరుగు పెట్టాడు. అప్పుడిక అందులో చూసుకుని పాపిడి తీసుకోవచ్చు.

అలాంటి పని చేసి గర్వపడనివాడు ఉంటే వాడు చేతిపనికి పనికిరాడు. నూకరాజుది మామూలు గర్వం కాదు. ‘నూకరాజు, గాజువాక’ అని బంగారు అక్షరాలతో చిన్న స్టిక్కరు వేయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. గిటార్ తల మీద, చూసేవాళ్ల కంటికి ఆనేచోట అంటించాలి. ఉస్తాద్ చేత్తో ముట్టుకోకుండా ఏ పనీ కొట్టు దాటదు కాబట్టి ఆయన ఊ అనాలి.

గురువారం రూతమ్మ గారొచ్చారు. గిటార్ చూసి కూర్చోవడం కూడా మరిచిపోయారు. చేతిసంచిలోంచి రుమాలు తీసి కళ్లు తుడుచుకుని, “మీ చేతి మహిమ, ఖాదర్ గారూ” అన్నారు.

నూకరాజు ఉస్తాద్ వైపు చూశాడు. ‘ఇతను చేశాడమ్మా’ అంటాడేమోనని ఎదురుచూశాడు. ఉస్తాద్ వాయించి చూడమన్నాడు, అంతే. నూకరాజుకి చివుక్కుమంది.

ఆవిడ వాయించారు. గొంతు బ్రహ్మాండంగా ఉంది. కానీ చెయ్యి గిటార్ మెడ మీద పై మెట్లకి పోయేసరికి ఆవిడ మొహం కొద్దిగా ముడుచుకుంది. తీగలు ఎత్తుగా ఉన్నాయనీ, నొక్కితే వేళ్లు నొప్పెడుతున్నాయనీ చెప్పి, బహుశా తన వయసేలెండి అని సర్దుకున్నారు. శనివారం వచ్చి తీసుకెళ్లమన్నాడు ఉస్తాద్.

ఆవిడ గుమ్మం దిగగానే నూకరాజు స్టిక్కరు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు నెలల కష్టం, పన్నెండేళ్ల కొలువు, చివుక్కుమన్న మనసు, అన్నీ ఒకేసారి కక్కేశాడు. దీని మీద తన పేరుండాలన్నాడు. తీగల ఎత్తు పెద్ద విషయం కాదనీ, తీగల్ని మోసే బ్రిడ్జి ఇంకాస్త దించితే సరిపోతుందనీ అన్నాడు.

“దించు మరి” అన్నాడు ఉస్తాద్.

నూకరాజు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. బ్రిడ్జి కదల్లేదు. అది అప్పటికే అడుగు దాకా దిగిపోయి ఉంది.

“మెడ విప్పు.”

వెనక నాలుగు మరలు తీసి నూకరాజు మెడని ఒంటి నుంచి వేరుచేశాడు. మెడ కూర్చునే గుంట బయటపడింది. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పట్టేంత గుంట. ఎవరికీ కనపడని ఆ చోటు కూడా తెల్లటి చెక్క తేలి తళతళలాడుతోంది. నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది.

“ఇక్కడ కూడా మచ్చ లేకుండా గీకేనండీ” అన్నాడు.

ఉస్తాద్ గుంటలో బొటనవేలు పెట్టి అడుగు తడిమాడు. “ఇక్కడ ఏటుండేది?”

“ఏటుంటాదండీ. పాత రంగు. మురికి. ఏవో పెన్సిలు గీతలు.”

గీకడంతో గుంట లోతై మెడ కిందికి దిగింది, తీగలు ఎత్తుగా మిగిలాయి. ఉస్తాద్ మూలనున్న కట్టలోంచి పల్చటి టేకు పొర ఒకటి లాగి, గుంటకి సరిపడా రెండు ముక్కలు కోశాడు. ఒక ముక్క ముందు పెట్టుకుని పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాడు. పైన మూడు అక్షరాలు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఉర్దూ కూడా కాదు. ఆగి ఆగి, కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని ఒక్కో గీత పెట్టాడు.

“అదేటండీ?”

“నాకూ తెలీదు. దీన్ని చేసినాయన పేరని మా గురువుగారు అనీవోరు. చెరిగిపోతున్నాదని ఆయన దాని మీదే మళ్లీ దిద్దేరు. తర్వాత నేనూ దిద్దేను.”

దాని కింద ‘పీటర్స్, 1971’ అని రాశాడు. ఆ కింద ‘ఖాదర్, 1989’ అని రాసి పెన్సిలు పెట్టేశాడు.

నూకరాజు ఒంట్లో వేడంతా దిగిపోయింది. ‘నాకెందుకు చెప్పలేదు’ అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు గుర్తొచ్చింది. లైటు దగ్గరగా లాక్కుని మరీ గీకాడు. అక్షరాలు కనపడ్డాయి. ఇవేమిటని అడగాలని మాత్రం తోచలేదు. ఎంత త్వరగా పోతాయా అనే చూశాడు. తన గురువు పేరూ, గురువుకి గురువు పేరూ దుమ్ముగా రాలితే నోటితో ఊదేశాడు.

ఉస్తాద్ పేర్లున్న పొరని గుంటలో పరిచి, పైన మెడ పెట్టి, మరలు బిగించి, తీగలు కట్టాడు. ఎత్తు చూడటానికి చివరి మెట్టు దగ్గర తీగ కింద పోస్టుకార్డు దూర్చి, ఒక కన్ను మూసి చూశాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ అంతా విప్పేశాడు.

“ఇంకా ఒక పొర తక్కువైంది” అన్నాడు.

రెండో ముక్కనీ, పెన్సిలునీ నూకరాజు ముందుకి జరిపి, హార్మోనియం పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

నూకరాజు చాలాసేపు పెన్సిలు ముట్టుకోలేదు. ముట్టుకున్నాక కూడా ఖాళీ ముక్క జోలికి పోలేదు. ముందు ఉస్తాద్ రాసిన ముక్కే దగ్గరికి తీసుకున్నాడు. అర్థం తెలియని ఆ మూడు అక్షరాలనీ ఒక్క గీతా పక్కకి పోకుండా దిద్దాడు. పీటర్స్ గారిని దిద్దాడు. ఖాదర్ అన్న పేరు దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాతే రెండో ముక్క మీద తన పేరూ, సంవత్సరమూ రాసుకున్నాడు. గాజువాక అని రాయలేదు.

రెండు పొరలూ వేసి, మెడ బిగించి, తీగలు కట్టాడు. పోస్టుకార్డు తీగకీ మెట్టుకీ మధ్య అంగుళం దూరి ఆగింది. అంతే ఆగాలి. బల్ల మీద స్టిక్కరు ఎప్పుడు కింద పడిందో అతను చూసుకోలేదు.

శనివారం రూతమ్మ గారొచ్చి వాయించారు. ఈసారి మొహం ముడుచుకోలేదు. పై మెట్ల మీద వేళ్లు పరుగెడుతుంటే ఆవిడ తనలో తనే నవ్వుకున్నారు. రోడ్డున పోయేవాళ్లు ఇద్దరు సైకిళ్లు ఆపి విన్నారు. నూకరాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎర్రటి ఒళ్లు మెరుస్తోంది. అతను మాత్రం ఆ మెరుపు కేసి చూడటం లేదు. మెడ వచ్చి ఒంటికి కలిసేచోటే చూస్తున్నాడు. అక్కడ బయటికి ఏమీ కనపడదు. అయినా అతని గుండె ఈ నాలుగు నెలల్లో ఎన్నడూ లేనంత గర్వంగా కొట్టుకుంది.

వాయించడం ఆపి రూతమ్మ గారు తలెత్తారు. “మీ చేతి మహిమ, ఖాదర్ గారూ” అన్నారు మళ్లీ.

ఉస్తాద్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

“నలుగురం చేశామమ్మా.”

ఆవిడ కొట్టంతా కలయజూశారు. ఇద్దరే ఉన్నారు. నూకరాజు తల వంచుకుని, గిటార్ పెట్టె మూత తెరిచి పట్టుకున్నాడు.