గురువు పేరు లేని వరుస

ఒకే మంచాన్ని ఇద్దరు యాత్రికులకు కేటాయించిన ఘనత మఠం శిష్యుడు సుగుణాకరుడిదే. పెద్దవారిద్దరూ ఒకే దుప్పటిని చెరో కొసా పట్టుకొని మఠం కార్యాలయానికి వచ్చారు.

రెండో ఆయనకు వేరే మంచం చూపించి, కంప్యూటర్‌లోనూ దిద్ది, అతడు గురువుగారి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మర్నాడే శాఖామఠం బాధ్యత అతడికి అప్పగించవలసి ఉంది.

గురువుగారు పూర్ణబోధస్వామి సన్యాసానికి పూర్వం ఒక కార్యాలయంలో డేటాబేస్‌ల బాగోగులు చూసేవారు. మఠం డేటాబేస్‌కు నియమాలు రాసింది కూడా వారే. ఒక మంచానికి ఒక్కరే ఉండాలి. పట్టికలో ప్రతి శిష్యుడి వరుసలోనూ గురువు పేరు ఉండాలి. ఇలాంటివే మరికొన్ని.

“నియమాలేవి నాయనా?”

“తీసేశాను స్వామీ. యాత్రికుల పేర్లు ఎక్కిస్తుంటే ప్రతి పేరుకూ అడ్డుపడుతున్నాయి. మరీ మెల్లగా నడుస్తోంది.”

“తీసే ముందు వాటి పాఠం దాచిపెట్టావా?”

“అన్నీ కంఠస్థమే స్వామీ.”

“అయితే చెప్పు.”

సుగుణాకరుడు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

“మంచం గురించి ఏదో ఉంది స్వామీ.”

స్వామివారు మందలించలేదు. క్రిందటి వారం భద్రపరిచిన డేటాబేస్ నకలును తెరిపించారు.

“దాన్నే అడుగు. తన నియమాలు తనకు తెలుసు.”

అడిగిన వెంటనే అది ప్రతి నియమాన్నీ పొల్లుపోకుండా చూపింది. సుగుణాకరుడు వాటిని ఒక్కొక్కటిగా తిరిగి సృష్టించసాగాడు. అన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. చివరిది మాత్రం కూర్చోనన్నది. దాన్ని మీరిన వరుస ఒకటి ముందే లోపల ఉందట.

“గురువు పేరు లేనివాడొకడు మన శిష్యుల్లో ఉన్నాడు స్వామీ!” సుగుణాకరుడి ముఖం ఎర్రబడింది. “నియమం లేని సమయం చూసి దూరి ఉంటాడు. ఎవడైనా సరే, వాడి పడక బయట పెట్టించాలి.”

స్వామివారు తెర వైపు ఒకసారి చూసి లేచారు. మూలనున్న చాపను జాగ్రత్తగా చుట్టి, దిండుతో సహా గడప అవతల పెట్టి వచ్చారు.

“స్వామీ, అది నాది.”

“పేరు చూడు నాయనా.”

చూశాడు. తన పేరే. ఆ ఉదయం, మర్నాటి పదవిని తలచుకొని, ఇక తనకు గురువెందుకని, తన వరుసలోని గురువు పేరును తన చేతులతోనే చెరిపివేశాడు.

తరువాత సుగుణాకరుడు ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ గురువు పేరును పూర్తి చేశాడు. ఈసారి నియమం కూర్చుంది. అతడు లేచి వెళ్లి, పడకను లోపలికి తెచ్చుకున్నాడు.

“ఇక మళ్లీ మెల్లగా నడుస్తుందేమో,” అన్నారు స్వామివారు.

“నడవనివ్వండి స్వామీ.”