బుష్షులు కూర్చున్న బండి

ఓబులేసు ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువే. ఎంత ఎక్కువంటే, దిష్టి తగులుతుందని నుదుటి మీద గుడ్డ కప్పుకోనిదే గడప దాటేవాళ్ళు కాదు. "మా తమ్ముడి తెలివిలో సగం ఉన్నా ఈ ఊరు ఎప్పుడో బాగుపడేది" అని ఓబులేసు అంటే, "వదిన ముందు నేనెంతలే అన్నా" అని బుగ్గన్న సిగ్గుపడేవాడు. ఓబులేసు పెళ్ళాం మద్దక్క మాత్రం ఎక్కువగా మాట్లాడేది కాదు. మాట్లాడితే తెలివి అరుగుతుందని ఆమె భయం.

వాళ్ళకో పాత పికప్ బండి ఉంది. ఆ ఏడు టమోటా విరగకాసింది. కోసి పెట్టెలకెత్తారు. మర్నాటికల్లా మండీకి చేరకపోతే కుళ్ళిపోతాయి. తీరా చూస్తే బండి చిన్న గుంతలో పడ్డా దడదడలాడిపోతోంది. మెకానిక్ చాంద్ బాషా బామ్మర్ది పెళ్ళికని ఊరెళ్ళాడు. ఓబులేసు ఫోన్ చేశాడు.

"వెనక కమాను కట్టల్లో కుదుపు ఆపే రబ్బరు బుష్షులు పోయుంటాయన్నా," అన్నాడు బాషా.

అంతే! అన్నదమ్ములు పరుగో పరుగు. నిన్న బండి తిరిగిన దారంతా వెతికారు. ఓ తెగిన చెప్పు దొరికింది, బుష్షులు దొరకలేదు.

"పోతే పోయాయి, ఓ మాట చెప్పి పోవద్దా వదినా!" అని ఇంటికొచ్చి బుగ్గన్న నొచ్చుకున్నాడు.

మళ్ళీ ఫోన్.

"అరిగిపోయాయని నాయనా! కొత్తవి కొనుక్కురండి. బండి వెనక భాగం జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, కింద పడుకుని చూడండి. పాతవి కనిపిస్తాయి."

కొత్తవి తెచ్చారు. బండి ఎత్తారు. ఇంకేముంది, చాప పరిచి, దిండ్లు వేసుకుని బండి కింద పడుకున్నారు. మధ్యాహ్నం దాకా ఒకటే గురక.

"బాషా, పడుకున్నాం," అన్నాడు ఓబులేసు లేచి. "బుష్షులు కనిపించలేదు గానీ, నాకు చచ్చిపోయిన మా గేదె కనిపించింది."

"నాకు అదీ కనిపించలేదు," అన్నాడు బుగ్గన్న దిగులుగా.

"కళ్ళు తెరిచి చూడండన్నా!" అని బాషా మొత్తుకున్నాడు. తెరిచి చూస్తే ఎదురుగానే ఉన్నాయి. కానీ బోల్టు ఊడి రాదు.

"మొండికేసిందా? బాగా నూనె పట్టించండి," అన్నాడు బాషా.

అంతే! మద్దక్క గిన్నెడు నువ్వుల నూనె కాచి తెచ్చింది. బండికి తల ఏదని కాసేపు వాదులాడుకుని, చివరికి బానెట్ అని తేల్చారు. చపచపా మర్దనా చేసింది. "నూనె పెట్టి తలంటకపోతే జలుబు చెయ్యదూ?" అని కుంకుడు రసంతో తలంటింది, సాంబ్రాణి పొగ కూడా వేసింది. మిగిలిన నూనె వెనక్కి విసిరితే అదృష్టం బాగుండి బోల్టు మీదే పడింది. కాసేపటికి బోల్టు వదిలింది. పాత బుష్షులు ఊడొచ్చాయి.

ఆ మాట ఫోన్లో విని బాషాకి ప్రాణం లేచొచ్చింది. "శభాష్! కొత్తవి సరిగ్గా కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, బండిని మెల్లగా నడిపించుకుంటూ వెళ్ళండి."

ఇంకేముంది! డ్రైవర్ సీటు మీద తుండు పరిచి కొత్త బుష్షులన్నిటినీ వరసగా కూర్చోబెట్టారు. ఖాళీ కమాను కన్నాల్లో బోల్టులు దూర్చి బిగించారు. బండిని కిందికి దించి, పెట్టెలు ఎక్కించి, ముందు తాడు కట్టి, ముగ్గురూ ఎద్దును తోలుకెళ్ళినట్టు బండిని నడిపించుకుంటూ బయల్దేరారు.

మండీ ముందర పల్లం ఉంది. బండి తాడు తెంపుకుని వీళ్ళను దాటిపోయింది. గుంత గుంతకీ ఎగిరిపడుతూ దడదడా దిగుతోంది.

"అయ్యో, లోపల ఎవరూ లేరన్నా!" అని అరిచాడు బుగ్గన్న.

"లేకపోవడమేంట్రా? బుష్షులు కూర్చున్నాయిగా!" అన్నాడు ఓబులేసు ధీమాగా.

బండి పోయి పోయి మండీలో గడ్డివామును గుద్దుకుని ఆగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెట్టెల్లోంచి మాత్రం ఎర్రగా కారుతోంది. మండీ యజమాని రెడ్డెప్ప లబలబలాడుతూ వచ్చాడు.

"టమోటాలు తెమ్మంటే రసం తెచ్చారా? ఇదంతా ఇప్పుడు ఎవరి నెత్తిన పొయ్యమంటారు?"

"నా నెత్తిన పొయ్యండి," అని బుగ్గన్న ముందుకొచ్చాడు.

ఓబులేసుకు కళ్ళు చెమర్చాయి. "ఇంటికి పెద్దవాణ్ణి నేనుండగా నీ నెత్తినా? ఎంత మాటన్నావురా!" అంటూ చొక్కా విప్పి మండీ నడుమ గొంతుక్కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకోయ్యా, గింజలు పడతాయి," అంటూ మద్దక్క మొదటి పెట్టె ఎత్తింది.