చుక్కమ్మ ముప్పై ముక్కెళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాన పడితే చాలు, దాచుకున్న గింజలకు బూజు పట్టేది. పొదలో దాచినా అంతే, తొర్రలో దాచినా అంతే. పొడిగా ఉండే చోటు ఒక్కటే ఉండేది. అది ఎర్రదిబ్బ కింద గాదెయ్య అనే పందికొక్కు తవ్వుకున్న బొరియ.

నవ్వకండి పిల్లలూ! గింజలు తీసుకెళ్ళి పందికొక్కు చేతిలో పెడతారా ఎవరైనా, అనేగా మీ నవ్వు? గాదెయ్య అలాంటిలాంటి పందికొక్కు కాదు. మీసాలు దువ్వుకుని గుమ్మంలో మర్యాదగా కూర్చునేవాడు. ఎవరి గింజలు వాళ్ళ అరలో పోయించేవాడు. ఒక మోదుగాకు మీద ముల్లుతో లెక్క గీసి చేతికిచ్చేవాడు.

"ఒక్కొక్కరే లోపలికి రండి. ఎవరి అరలో ఎంత ఉందో పక్కవాళ్ళకు చెప్పుకోకండి. గుట్టుగా ఉంటేనే సంసారానికి పరువు" అనేవాడు.

ఎంత పెద్దమనిషో అనుకునేవారు అందరూ. గుట్టుగానే వచ్చేవారు, గుట్టుగానే వెళ్ళేవారు.

ఆ అడవిలోనే చుక్కమ్మ అనే కౌజు పిట్ట ఉండేది. ఒళ్ళంతా చుక్కలు, పొట్టి కాళ్ళు, గట్టిగా మాట్లాడాలంటే భయం. చలికాలమంతా ముక్కుతో ఏరి ఏరి, అరవై ముక్కెళ్ళ సామలు గాదెయ్య దగ్గర దాచింది. ముక్కెడు అంటే ముక్కు నిండా పట్టినన్ని గింజలు. మనకి గుప్పెడు ఎలాగో, పిట్టలకు ముక్కెడు అలాగ.

ఉగాది ముందు చుక్కమ్మ కాలికి ముల్లు దిగింది. నాలుగు రోజులు మేతకు వెళ్ళలేకపోయింది. అందుకని తన అరలోంచి పన్నెండు ముక్కెళ్ళు తెప్పించుకుని తిన్నది. ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉంది.

ఎండలు ముదిరాయి. చుక్కమ్మ పదకొండు గుడ్లు పెట్టింది. మొగుడు పొడయ్య, తాను వంతులవారీగా పొదుగుతున్నారు. మృగశిర కార్తె ఇంకా పది రోజులే ఉంది. వాన పట్టుకుంటే పసికూనలను వదిలి మేతకు పోలేరు. నలభై ముక్కెళ్ళయినా చేతిలో ఉంటేనే పిల్లలు బతికి బట్టకడతాయి. ఆ గింజలు తెచ్చుకుందామని చుక్కమ్మ ఎర్రదిబ్బకు వెళ్ళింది.

అరలో పద్దెనిమిది ముక్కెళ్ళే ఉన్నాయి!

గుమ్మం పక్కన తొండ కూర్చుని ఉంది. అది గాదెయ్య గుమస్తా. ఫిర్యాదులు వినడం దాని పని.

"తొండన్నా! నావి ముప్పై ముక్కెళ్ళు కనబడటం లేదు" అంది చుక్కమ్మ గుసగుసగా.

తొండ తల పైకీ కిందకీ ఊపింది.

"చూసి ఇప్పిస్తావా?"

తొండ మళ్ళీ తల ఊపింది. చుక్కమ్మ సంతోషంగా ఇంటికెళ్ళింది. ఒక రోజు చూసింది. రెండు రోజులు చూసింది. మూడో రోజున పొడయ్య అన్నాడు: "పిచ్చిదానా! అది తొండ. తల ఊపడం తప్ప దానికింకేం వచ్చు?"

ఈసారి చుక్కమ్మ నేరుగా గాదెయ్య దగ్గరికే వెళ్ళింది.

"మామా, నా గింజలు ఏమయ్యాయి?"

గాదెయ్య మీసం దువ్వాడు. "నీ ఆకు తిరగేసి చూడమ్మా" అన్నాడు.

చుక్కమ్మ మోదుగాకును తిరగేసింది. వెనక వైపు, ఆకు ఈనెల సందులో, చీమ కాలంత సన్నగా ఏవో గీతలు ఉన్నాయి.

"అరలో యాభైకి తగ్గకూడదని రాశాను. నీకు నలభై ఎనిమిదే ఉన్నాయి. అందుకని పక్షానికి ఐదు ముక్కెళ్ళు తరుగు తీశాను. ఆ సంగతి నీకు చెప్పడానికి తొండను పంపిన ప్రతిసారీ ఒక ముక్కెడు కబురు ఖర్చు. ఐదు పక్షాలు గడిచాయి. ఐదారులు ముప్పై. లెక్కంటే లెక్కే."

"తగ్గింది రెండే కదా మామా! రెండు తగ్గితే ఐదు తీశావు. నువ్వు తీశావు కాబట్టి ఇంకా తగ్గింది. తగ్గిందని మళ్ళీ తీశావు. ఇలాగైతే ఇది ఎప్పటికి తెములుతుంది?"

"అర ఖాళీ అయ్యాక తెములుతుంది" అన్నాడు గాదెయ్య. తర్వాత గొంతు తగ్గించి మెత్తగా చెప్పాడు. "ఇంత అడవిలో లెక్క తప్పింది నువ్వొక్కదానివే. బయటికి చెప్పుకోకు. నవ్వుతారు."

చుక్కమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పు తనదేనేమో అనుకుంటూ ఇల్లు చేరింది. గుడ్ల మీద కూర్చుంది. కడుపు కింద ఒక గుడ్డు చిన్నగా కదిలింది. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

"దుప్పి తాత పంచాయతీకి వెళతాను" అంది కళ్ళు తుడుచుకుని.

పొడయ్య అదిరిపడ్డాడు. "నీళ్ళలో ఉండి మొసలితో వైరమా? వచ్చే ఏడు మళ్ళీ ఆ బొరియకే పోవాలి మనం!"

ఆ అడవిలో రెండు పంచాయతీలు ఉండేవి. పెద్ద తగాదాలు పులి తీర్చేది. ఆ తీర్పు తర్వాత సాధారణంగా వాదీ మిగిలేవాడు కాదు, ప్రతివాదీ మిగిలేవాడు కాదు. చిన్న తగాదాలు ముసలి దుప్పి తీర్చేవాడు. అక్కడ ఒక్క గింజ కడితే చాలు. మన తరఫున వాదించమని నక్కలను బతిమాలుకోనక్కర్లేదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవచ్చు.

కాకపోతే ఒక కట్టుబాటు ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ళు మూడు రోజులపాటు, అందరూ నీళ్ళు తాగే చెలమ దగ్గర నిలబడి, తమకు జరిగింది గట్టిగా చాటాలి. అది అబద్ధమైతే ఎవరో ఒకరు అడ్డు చెబుతారు కదా, అందుకని. ఒక్క రోజు మానేసినా ఫిర్యాదు చెల్లదు.

అసలే చుక్కమ్మకు గట్టిగా మాట్లాడాలంటే భయమాయె! అందులోనూ అందరి ముందు, అదీ ఇంటి గుట్టు.

మొదటి రోజు పొద్దున్నే చెలమ ఒడ్డున నిలబడింది. "గాదెయ్య నా దగ్గర ముప్పై ముక్కెళ్ళు అన్యాయంగా తీసుకున్నాడు. తరుగు అన్నాడు. కబురు ఖర్చు అన్నాడు" అంది. సగం మాటలు గొంతులోనే ఉండిపోయాయి. కుందేలు తల దించుకుని నీళ్ళు తాగింది. ఉడుత తోక విదిల్చి చెట్టెక్కేసింది. అందరూ లోలోపల నవ్వుకుంటున్నారని చుక్కమ్మ కుమిలిపోయింది.

రెండో రోజు మళ్ళీ వెళ్ళి చాటింది. ఈసారి కుందేలు నీళ్ళు తాగడం ఆపింది.

"ఏమన్నావు చుక్కమ్మా? కబురు ఖర్చా?"

"అవును వదినా. ఒక్క కబురూ రాలేదు గానీ ఐదు ముక్కెళ్ళు పోయాయి."

"నాకూ అదే అన్నాడే! నా వేరుశనగలు ఇరవై రెండు తీశాడు. లెక్క తప్పింది నేనొక్కదాన్నే అన్నాడు. సిగ్గేసి మా ఆయనకు కూడా చెప్పలేదు."

చెట్టు మీంచి ఉడుత సర్రున దిగింది. "నాకూ అదే మాట! నువ్వొక్కదానివే అన్నాడు!"

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చుక్కమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తనది కాని సిగ్గును మోసినందుకు మండింది.

ఆ సాయంత్రమే గాదెయ్య స్వయంగా పొద దగ్గరికి వచ్చాడు. వెనకాల తొండ ఒక ఆకు మూట ఈడ్చుకొస్తోంది.

"చుక్కమ్మా, నువ్వు నా కూతురులాంటి దానివి. తప్పు నాది కాకపోయినా, దయతలచి తెచ్చాను. నీ ముప్పై, పైన పిల్లలకు ఐదు. మొత్తం ముప్పై ఐదు. రేపు మాత్రం చెలమ దగ్గరికి వెళ్ళకు. అంతే."

పొడయ్య కళ్ళు మూట మీదే ఉన్నాయి. "తీసుకోవే. గింజలు వచ్చాయిగా, ఇంకెందుకు రచ్చ?" అన్నాడు.

చుక్కమ్మ గుడ్ల వంక చూసింది. పడమట చిన్న మబ్బు లేచింది. మూట తీసుకుంటే పిల్లల మేతకు దిగులుండదు. తీసుకోకపోతే పంచాయతీలో ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఓడిపోతే పద్దెనిమిది ముక్కెళ్ళతో పదకొండు నోళ్ళు నింపాలి. ఆమెకు నిజంగా భయం వేసింది.

"ముప్పై ఇవ్వు మామా, తీసుకుంటాను. అవి నావి. నీ ఐదు నాకొద్దు. రేపు చెలమ దగ్గరికి మాత్రం వెళతాను" అంది.

"అలా కుదరదు. గింజలు కావాలంటే నోరు మూసుకోవాలి."

"అయితే మూట తీసుకెళ్ళు."

గాదెయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. మూట తీయించుకుని విసవిసా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పొడయ్య పెళ్ళాంతో మాట్లాడలేదు. కానీ తెల్లవారి ఆమె బయల్దేరుతుంటే, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంటూ అన్నాడు: "కాస్త గట్టిగా చెప్పు. నిన్న నీ గొంతు ఇక్కడిదాకా వినబడలేదు."

ఆ రోజు చుక్కమ్మ గొంతు వాగు అవతలి గట్టు దాకా వినబడింది.

మర్నాడు పంచాయతీ. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. దుప్పి తాత చుక్కమ్మ మాట విన్నాడు. ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు. గాదెయ్య వంక తిరిగాడు.

"ఈమె అరలో రెండు ముక్కెళ్ళు తగ్గాయి. దానివల్ల నీకేం నష్టం వచ్చింది?"

"షరతు... రాసి ఉంది కదండీ..."

"షరతు సంగతి కాదు నాయనా. నష్టం సంగతి చెప్పు. గోడ కూలిందా? కప్పు కారిందా?"

గాదెయ్య తొండ వంక చూశాడు. దుప్పి తాత తొండను పిలిచాడు.

"చుక్కమ్మకు ఐదు సార్లు కబురు తీసుకెళ్ళావా?"

తొండ అలవాటు కొద్దీ తల ఊపింది.

"తల ఊపొద్దు. నోటితో చెప్పు."

తొండ నోరు తెరిచింది. ఆ అడవిలో దాని గొంతు విన్నవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. "నేను గుమ్మం దాటలేదండీ" అంది సన్నగా.

జనం గొల్లున నవ్వారు. దుప్పి తాత మాత్రం నవ్వలేదు.

"జరగని నష్టానికి తరుగు లేదు. వెళ్ళని కబురుకు ఖర్చు లేదు. పొద్దు వాలేలోగా ముప్పై ముక్కెళ్ళూ చుక్కమ్మ ఇంటికి చేరాలి. పంచాయతీకి కట్టిన గింజ కూడా నువ్వే ఇచ్చుకోవాలి" అని తీర్పు చెప్పాడు.

పొద్దు వాలకముందే గింజలు చేరాయి. రెండు రోజుల తర్వాత వాన పట్టుకుంది. అదే రోజు గుడ్లు చిట్లాయి. పదకొండు పిల్లలూ పొడయ్య రెక్కల కింద నుంచి ఒకటే కిచకిచ.

నాలుగో నాడు వాన కాస్త తెరిపి ఇచ్చింది. గాదెయ్య తడిసిన మీసాలతో పొద దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"నీవి నీకు ఇచ్చేశాను కదమ్మా! మరి వీళ్ళందరినీ నా మీదికి ఎందుకు ఉసిగొల్పావు?"

చుక్కమ్మ తల పైకెత్తి చూసింది. చెలమ ఒడ్డున కుందేలు నిలబడి చాటుతోంది. దాని వెనక ఉడుత. ఉడుత వెనక అడవి అంచు దాకా బారు.

"నేనెవరినీ ఉసిగొల్పలేదు మామా. నాకు జరిగింది నేను పైకి చెప్పుకున్నాను. అంతే!" అంది చుక్కమ్మ.

నీతి: అన్యాయాన్ని గుట్టుగా దాచుకుంటే అది మన సిగ్గుగా మిగిలిపోతుంది; పదిమందిలో చెప్పి నిలబడితే మన హక్కు మనకు దక్కుతుంది, తోటివారికీ దారి దొరుకుతుంది.