పొయ్యిలో కాళ్లు పెట్టిన అప్పలకొండ

అనగనగా, దొరలు గుర్రాల మీద తిరిగే కాలంలో, ఒక ఉప్పుటేరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. ఒళ్లు మండినచోట ఊ మానేసి తిట్టండి.

ఆ ఊరివాళ్లు అక్కడ పుట్టినవాళ్లు కారు. తరిమితే వచ్చినవాళ్లు. దొరగారి తాత భూములు కావాలని మూడు ఊళ్లు తగలబెట్టాడు. ఒక ఊరినుంచి వలలవాళ్లు వచ్చారు. ఒక ఊరినుంచి చాపలు అల్లేవాళ్లు వచ్చారు. ఒక ఊరినుంచి ఉప్పుమడుల వాళ్లు వచ్చారు. వలలవాళ్ల దగ్గర నాలుగు పీతలున్నాయి. చాపలవాళ్ల దగ్గర పిడికెడు నూకలున్నాయి. ఉప్పువాళ్ల దగ్గర ఏముంటుంది? ఉప్పుంది. ఎవరిది వాళ్లు తింటే ఎవరికీ ఆనదు. అందుకే అన్నీ ఒక్క కుండలో వేసి వండుకున్నారు. బురదలో గుండ్రంగా కూర్చుని తిన్నారు. తిన్నాక జముకు వాయిద్యం చంకన పెట్టి, తీగ లాగి, తమను తరిమినవాణ్ణి పేరుపెట్టి మరీ పాడుకున్నారు.

అదే ఏటికుండ పండగ. ఏటా వానలు వెనకబట్టి పీతలు కొవ్వెక్కే రోజుల్లో చేసేవారు. ఇంటికో పిడికెడు. ఆఖరి ఇంటి పిడికెడు పడేదాకా పొయ్యి ముట్టించకూడదు. అదీ కట్టు.

ఆ కుండ దగ్గర తెడ్డు పట్టే మనిషి అప్పలకొండ. ముసల్ది. మొగుడు లేడు, పిల్లల్లేరు. తుంగ కోసి, చాపలల్లి బతికేది. కళ్లు మసకబారాయి. అంకెలు రావు. కానీ ఏ ఇంటి పిడికెడైనా ముందు తన అరచేతిలో పోయించుకునేది. గీరుకుపోయిన చెయ్యి వలలవాళ్లది. గరుకు చెయ్యి చాపలవాళ్లది. పగుళ్లిచ్చిన చెయ్యి ఉప్పువాళ్లది. ఎవరు రాలేదో ఆమె అరచేతికి తెలిసేది.

"ఇంకో పిడికెడు రావాలి!" అని అరిచేది. ఆ ఇల్లు పరిగెత్తుకొచ్చేది.

ఏటికుండ రుచి సంగతి దొరగారి చెవిన పడింది. తాత కాదు, మనవడు. ఒక ఏడు వచ్చాడు. బురదలో కూర్చోనన్నాడు. కుర్చీ వేయించుకున్నాడు. మొదటి ఆకు తనకే అన్నాడు.

ఊరిపెద్ద పేరు చిన్నప్పడు. వలలవాళ్లలో మనిషి. గొడవంటే భయం. "ఒక్క రోజే కదా, సర్దుకుందాం" అన్నాడు. సర్దుకున్నారు.

రెండో ఏడు దొర చుట్టాలతో వచ్చాడు. పాట విన్నాడు. "పండగపూట ఈ ఏడుపు పాటలేమిటి? మా వంశం మీద కట్టండి" అన్నాడు.

"ఒక్క రోజే కదా, సర్దుకుందాం" అన్నాడు చిన్నప్పడు. జముకుల కొర్లయ్య దొర తాతను పొగుడుతూ పాడాడు. ఇళ్లు తగలబెట్టినవాణ్ణి, ఇళ్లు తగలబడినవాళ్ల పిల్లలే!

అప్పలకొండ ఏం చేసింది? దాచడమెందుకు? ఆ రెండేళ్లూ నోరు మూసుకుని తెడ్డు తిప్పింది. ఇంటికెళ్లి, వండినదాన్ని నోట పెట్టుకోలేక కుక్కకు వేసింది.

మూడో ఏడు దొర పెద్దపెద్దవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. పందిరి వేయించాడు. పందిరి చుట్టూ గుంజలు పాతించి, కొబ్బరితాడు కట్టించాడు. ఉప్పువాళ్ల చేతుల పుళ్లు చూస్తే అతిథులకు వెగటట. ఉప్పువాళ్ల పన్నెండు ఇళ్లూ తాడు అవతల నిలబడాలట. మిగిలితే పెడతారట.

"ఒక్క రోజే కదా" అన్నాడు చిన్నప్పడు.

అప్పలకొండ అరచెయ్యి చాపి కూర్చుంది. వలలవాళ్లు వచ్చారు. చాపలవాళ్లు వచ్చారు. ఆ తర్వాత చేతిలో ఏమీ పడలేదు.

"ఇంకో పిడికెడు రావాలి!" అంది.

"ముట్టించవే ముసలీ" అన్నాడు దొర.

"ఇంకో పిడికెడు రావాలి బాబూ."

"ఉప్పేగా? మా కొట్లోంచి బస్తా తెప్పిస్తాను."

"బస్తా నాకెందుకు? ఆ ఉప్పూ ఆళ్లు సేసిందే. నాకు సెయ్యి కావాల."

చిన్నప్పడు ఆమె చెవి దగ్గరకు వంగాడు. "ఒలే అప్పా, పరువు తియ్యకే."

"నీకు పరువెక్కడిదిరా మావా? తాతల కొంపలు తగలెట్టినోడికి పాట పాడించావు. ఇప్పుడు పక్కింటోళ్లని పశువుల్లాగ కట్టించావు. సిగ్గునేదా? నాకూ నేదులే. రెండేళ్లు తిప్పినాను ఈ తెడ్డు."

దొర మనుషులు కాగడాతో పొయ్యి దగ్గరకొచ్చారు. అప్పలకొండ నేలమీద చతికిలబడి, పొయ్యిలోకి రెండు కాళ్లూ చాపింది. కట్టెల పక్కన కట్టెల్లాగ.

"ముట్టించండి. ముందు ఇయ్యి కాలతాయి. ఎండిపోయే ఉన్నాయి."

ముట్టించే చెయ్యి లేకపోయింది. అతిథులు వెగటుగా మొహాలు తిప్పుకున్నారు. దొర మొహం కందగడ్డయింది. "ఇది లేచేదాకా ఎవరూ ఏటిలో వల వేయకూడదు" అని గుర్రమెక్కి పోయాడు.

ఒళ్లు మండే సంగతి ఇప్పుడొస్తుంది. దొర పోయాడు. పందిరి ఖాళీ. కానీ తాడు అలాగే ఉంది! ఒక్కడు విప్పలేదు.

"తాడు దొరది. విప్పితే ఏటంటాడో" అన్నాడు చిన్నప్పడు.

మొదటి రోజు పోటు నీళ్లు పొయ్యిలోకి వచ్చాయి. ఆమె కాళ్లు తీయలేదు. "లేవే అప్పా" అన్నారు. "ఇంకో పిడికెడు రావాలి" అంది.

రెండో రోజు గంజి తెచ్చారు. తాగలేదు. "ఇంకో పిడికెడు రావాలి" అంది.

మూడో రోజు మాట పడిపోయింది. అరచెయ్యి మాత్రం చాపే ఉంది.

తాడు అవతల ఉప్పువాళ్ల గైరమ్మ ఆ చెయ్యిని చూసింది. తాడును చూసింది. తన కాలును చూసుకుంది.

"ఓలమ్మా! మోకాలెత్తు తాడే ఇది! మోకాలెత్తు తాడుకి మూడ్రోజులు నిలబడ్డామా? థూ, మన బతుకులు!"

చీర ఎగ్గట్టి దాటింది. దాటి, పుళ్లచేత్తో పిడికెడు ఉప్పు ఆ అరచేతిలో పోసింది. అప్పలకొండ వేళ్లు పగుళ్లను తడిమాయి. తల ఊపింది. వెనకాలే పన్నెండు ఇళ్లూ దాటాయి. కుండ కడిగారు. దొర మాట కాదని ఏటిలో వల వేసి, వలలవాళ్లు కొత్త పీతలు తెచ్చారు. చాపలవాళ్లు కొత్త నూకలు తెచ్చారు. గైరమ్మ కింద చెయ్యి ఆనించి పట్టుకుంటే, ఊరంతా ఆ అరచేతిలోనే పోసింది.

ఆఖరి పిడికెడు పడ్డాక అప్పలకొండ తనంతట తానే కాళ్లు వెనక్కి తీసుకుంది. పోటుకు కట్టెలన్నీ తడిసిపోయాయి. పొడిగా ఉన్నది దొరగారి తాడొక్కటే. చిన్నప్పడే ఏడుస్తూ వెళ్లి కోసుకొచ్చాడు. దాంతోనే పొయ్యి రాజేశారు. కొర్లయ్య జముకు తీసి పాత పాట పాడాడు, పేరుతో సహా. కుండ మొదటి పొంగు పొంగేసరికి అప్పలకొండ ప్రాణం గైరమ్మ ఒడిలో పోయింది.

"దేవతరా! గుడి కడదాం" అన్నాడు చిన్నప్పడు.

"నోరుమూయి మావా" అంది గైరమ్మ. "దేవతకైతే కాళ్లు నానిపోవు. రాయి నిలబెడితే దాని సుట్టూ మళ్లీ తాడు కడతారు. మీ సంగతి నాకు తెల్దా?"

అందుకే అప్పలకొండకు గుడి లేదు, రాయి లేదు. ఏటికుండ రోజున అందరికన్నా ముసలామె పొయ్యిలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. "ఇంకో పిడికెడు రావాలి" అని మూడుసార్లు అరుస్తుంది. దారినపోయే పరాయివాళ్లయినా సరే, పిడికెడు వేసి బురదలో కూర్చోవాల్సిందే. ఆఖరి పిడికెడు పడ్డాకే ఆమె కాళ్లు తీస్తుంది. అప్పుడు కొత్తగా పేనిన కొబ్బరితాడు ఒకటి తెచ్చి, దాన్ని ముట్టించి పొయ్యి రాజేస్తారు.

కథ ఇంకే ఊరికీ పోదు, ఆ పొయ్యి పక్కనే కూర్చుని ఉంటుంది. ఆ ఏటి ఒడ్డున ఎవరైనా "ఒక్క రోజే కదా, సర్దుకుందాం" అన్నారో, చిన్నపిల్లలు కూడా తలెత్తి చూస్తారు.

"ఆ ఒక్క రోజును సరిచేయడానికి అప్పలకొండకు మూడ్రోజులు పట్టింది" అంటారు.